వెనక నడిచిన మనిషి

బస్సు భాయ్ పోయాడన్న కబురు నాకు గురువారం సాయంత్రం కువైట్‌లోని అల్ రాయ్‌లో తెలిసింది. డ్యూటీ అయిపోయాక గోడౌన్ మెట్ల మీద కూర్చుని మర్నాటి ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నాను. ఫోన్ చేసింది మా సంఘంలోని ఒక చెల్లెమ్మ, ఒక కువైటీ ఇంట్లో పనిచేసే అమ్మాయి.

"అయ్యగారండీ, బస్సు భాయ్ పోయారండి. బస్సులోనే అంటండి."

అంత వరకే అనగలిగింది. తర్వాత ఫోన్‌లో ఏడుపు వినిపించింది. నేను ఏడవలేదు. నా ఒళ్ళో గ్రంథం తెరిచి ఉంది, తప్పిపోయిన గొర్రె ఉపమానం దగ్గర వేలు పెట్టి ఉంచాను. ఆ ఉపమానం మీద ఈ ఎడారిలో నేను ఎన్నిసార్లు గొంతు చించుకున్నానో నాకే తెలియదు. ఆ సాయంత్రం ఆ వేలు అక్కడి నుంచి తీయడానికి భయమేసింది.

ఆయన ఎవరో తెలియనివాళ్ళ కోసం చెప్తాను. రాయచోటి మనిషి, ముస్లిం. ముప్పై ఏళ్ళ పైబడి కువైట్‌లో బస్సు నడిపాడు. వారమంతా కూలీలను పనికి చేరవేసేవాడు, సెలవు రోజు శుక్రవారం దొరికిన కిరాయికి వెళ్ళేవాడు. మా ప్రార్థన సంఘాన్ని నాలుగు చలికాలాలు ముత్లా కొండకి తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. అయినా నన్ను "అన్నా" అనే పిలిచేవాడు.

నేను పాస్టర్ని కాను. ఏ వేదాంత కళాశాల గడపా తొక్కలేదు. వారమంతా గోడౌన్‌లో పెట్టెలు చూసుకుంటాను, శుక్రవారం ఫర్వానియాలో ఒక ఫ్లాటు హాలులో వాక్యం చెప్తాను. గోదావరి వైపు నుంచి వచ్చిన మావాళ్ళు అలవాటు కొద్దీ అయ్యగారు అంటారు. చదువు లేకపోయినా దేవుడు నాకు గొంతిచ్చాడు. ఆ గొంతు చూసుకుని నేను ఎంత మిడిసిపడ్డానో ఈ నాలుగు పేజీల్లో మీకే తెలుస్తుంది.

ముత్లా పేరుకే కొండ. మన వైపు కొండలు చూసినవాళ్ళకి అది నేల కాస్త భుజం ఎగరేసినట్టు ఉంటుంది. జహ్రా దాటి ఉత్తరంగా వెళ్తే వస్తుంది. పైకెక్కితే ఒక పక్క ఊరు, దాని వెనక సముద్రం పాయ, ఇంకో పక్క కంటికి ఆనినంత మేరా ఇసుక. అయినా గ్రంథంలో దేవుడు ముఖ్యమైన మాట చెప్పాలనుకున్నప్పుడల్లా మనిషిని కొండెక్కమనే అన్నాడు. కువైట్‌లో మాకున్న సీనాయి అదే. చలికాలంలో నెలకొక శుక్రవారం ఉపవాసంతో ఆ కొండెక్కి ప్రార్థన చేసుకుని దిగేవాళ్ళం. నాతో కలిపి పద్నాలుగు మందిమి. ఎక్కువమంది ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, నలుగురైదుగురు డ్రైవర్లు, విజయవాడ నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన. ఆయనే మా సంఘ పెద్ద.

చలికాలపు పొద్దున అక్కడ పొగమంచు ఎంత దట్టంగా ఉంటుందంటే, ముందు నడిచేవాడి వీపు కనపడదు. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. ముందు నడిచేది నేను. మలుపు మలుపుకీ ఆగి, "స్తోత్రం!" అని కేక వేస్తాను. వెనకాల అందరూ "హల్లెలూయా!" అని పలకాలి. ఆ పలుకు నిండుగా వస్తే అందరూ ఉన్నట్టు, పలచగా వస్తే ఎవరో వెనకబడ్డట్టు. మావాళ్ళకి ఈ పద్ధతి తెగ నచ్చింది. నాకు ఇంకా నచ్చింది. నా ఒక్క కేకకి మంచు లోపలి నుంచి పదమూడు గొంతులు లేచి వస్తుంటే, ఎర్ర సముద్రం ఒడ్డున కర్ర ఎత్తి నీళ్ళు చీల్చిన మనిషికి కూడా అంత సంబరం కలిగి ఉండదనుకునేవాణ్ణి.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన బస్సు దగ్గరే ఉంటాడనుకున్నాను. మేము నడక మొదలుపెట్టగానే తలుపు తాళం వేసుకుని, ఒక పాత పైపు ముక్కని చేతికర్రలా పట్టుకుని, మా వెనకాలే బయల్దేరాడు.

"మీరెందుకు భాయ్, ఇది మా ప్రార్థన కదా," అన్నాను.

"మీ ప్రార్థన మీరు చేసుకోండన్నా. నేను ఊరికే వెనకాల నడుస్తా. దావ తప్పి పక్కకి పోవద్దని చెప్పండి మీవాళ్ళకి. యుద్ధం నాటి పేలని ఇనుము ఇంకా ఉండాది ఈ మట్టిలో. నేను జూసినా."

ఇరాక్ యుద్ధానికి ముందు వచ్చి, మధ్యలో పారిపోయి, మళ్ళీ వచ్చినవాడు ఆయన. అంతకు మించి దాని గురించి ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన నడక చూడడానికి చిరాకుగా ఉండేది. పది అడుగులు వేసి వెనక్కి తిరిగేవాడు. వచ్చిన దారిని కాసేపు చూసేవాడు. మళ్ళీ పది అడుగులు. ఒకసారి కొండ మీద అందరి ముందే ఆ మాట ఎత్తాను. ఆ రోజు ఎండ చక్కగా కాస్తోంది, నా ప్రసంగం జోరుగా సాగుతోంది. కాలిపోతున్న ఊరు వదిలి పారిపోయిన లోతు భార్య గురించి చెప్తున్నాను. ఆయన కాస్త దూరంలో రాయి మీద కూర్చుని వింటున్నాడు.

"భాయ్, మీరు అస్తమానం వెనక్కి చూస్తారు కదా. వెనక్కి చూసిన ఈవిడ ఏమైందో తెలుసా? ఉప్పు స్తంభం అయిపోయింది!"

మావాళ్ళు గొల్లుమన్నారు. ఆయనా నవ్వాడు.

"ఉప్పు మంచిదే గదన్నా, కూరకి."

ఇంకా నవ్వారు. నవ్వు సద్దుమణిగాక ఆయన పైపు ముక్కతో నేల మీద గీతలు గీస్తూ అన్నాడు: "అయినా ఆమె ఏం జూసిందో ఎవురన్నా అడిగినారా న్నా? వెనకాల ఎవురన్నా మిగిలిపోయినారేమో అని జూసిందేమో."

ఇరుక్కున్నప్పుడల్లా చేసే పనే చేశాను. గొంతు పెంచి పాట అందుకున్నాను.

వెనక్కి ఎందుకు చూస్తాడో తర్వాత దిగేటప్పుడు తనే చెప్పాడు. "పొయ్యే దావ ఒకటి, వచ్చే దావ ఒకటి అన్నా. రెండూ ఒకటే అనుకుంటాం గానీ, తిరిగొచ్చేటప్పుడు చూస్తే కొత్తగా కనపడతాది. ఎక్కేటప్పుడే వెనక్కి తిరిగి జూసుకున్నోడు దిగేటప్పుడు తప్పిపోడు." ఆ తర్వాత నేను చాలామందిని చూశాను, పైకెక్కినవాళ్ళని, సంఘాల్లో, కంపెనీల్లో. వెనక్కి చూసుకున్నవాళ్ళు తక్కువ. నేను వాళ్ళలో లేను.

ఆయనకి ఇంకొన్ని అలవాట్లు ఉండేవి. మేము ఉపవాసం ఉన్న రోజు తనూ ఏమీ తినేవాడు కాదు. "ఆకలితో ఉన్నోళ్ళ ముందర ఎట్ల తింటామన్నా," అనేవాడు. దిగి వచ్చాక మాత్రం సీటు కింద నుంచి ఫ్లాస్కు తీసి అందరికీ టీ పోసి, చివరి గ్లాసు తను తాగేవాడు. అది ఎప్పుడూ సగమే ఉండేది. నమాజు వేళకి కొండ కింద మాకు దూరంగా చాప పరుచుకునేవాడు. ఆ సమయానికి మేము పాడుతుంటే నేను కావాలని గొంతు పెంచిన రోజులున్నాయి. దేవుడి ఎదుట ఒప్పుకుంటున్నాను, మీ ఎదుటా ఒప్పుకుంటున్నాను. ఆయన ఒక్కసారి కూడా చాప ఇంకాస్త దూరం జరుపుకోలేదు, మమ్మల్ని తగ్గమని అడగనూ లేదు.

అన్నిటికన్నా వింత అలవాటు బస్సు ఎక్కేటప్పుడు ఉండేది. ఫుట్‌బోర్డు పక్కన తల వంచుకుని నిలబడి, ఎక్కే ప్రతి మనిషికీ పైపు ముక్కతో నేల మీద ఒక్క పోటు పొడిచేవాడు. పద్నాలుగు పోట్లు పడ్డాకే వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చునేవాడు. ముఖాలు చూసేవాడు కాదు, ఆడవాళ్ళు ఇబ్బంది పడతారని. కాళ్ళే చూసేవాడు. ఎవరి చెప్పులు ఏవో, ఎవరికి ఏ కాలు నొప్పో ఆయనకి తెలుసు.

ఒకసారి వేళాకోళంగా అన్నాను. "భాయ్, నేను కొండ మీదే లెక్కపెట్టేశాను. నా కేకకి అందరూ పలికారు."

"మీరు గొంతులు ఎంచుతారన్నా. నేను కాళ్ళు ఎంచుతా. ఇంటికి పోవల్సింది కాళ్ళే గదా."

ఇక ఆ శుక్రవారం సంగతి. రెండేళ్ళ కిందటిది. దాన్ని దాటవేస్తూ వచ్చాను, ఇక వల్లకాదు.

పొద్దున పొగమంచులోనే ఎక్కడం మొదలుపెట్టాం. భాయ్ పోయిన కబురు నాకు ఫోన్‌లో చెప్పిన చెల్లెమ్మ గుర్తుంది కదా. ఆ చెల్లెమ్మే ఆ రోజు మాతో ఉంది. చాలా నెలల తర్వాత ఆమెకి దొరికిన సెలవు అది. సాయంత్రం నాలుగున్నరకల్లా గేటు దగ్గర ఉండాలని ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, గట్టిగా చెప్పి పంపింది. ఆలస్యమైతే ఇక శుక్రవారాలు ఉండవని కూడా చెప్పింది. ఈ దేశంలో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి శుక్రవారం పోవడమంటే ఏమిటో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మనిషి ముఖం, మన మాట, మన పాట, అన్నీ పోవడమే. పైగా ఆమెకి మూడు రోజులుగా జలుబు. గొంతు పూర్తిగా పోయింది. పెదవులు కదిలితే గాలి మాత్రమే వస్తోంది.

బస్సు దిగుతూ సైగ చేసి గొంతు చూపించింది. నేను నవ్వుతూ అన్నాను: "పర్లేదమ్మా, ఈరోజు నీ వాటా హల్లెలూయా కూడా మేమే పలుకుతాంలే."

మంచి మాట అన్నాననుకున్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

కొండ మీదకి చేరేసరికి మంచు విడిపోయి ఎండ వచ్చింది. సముద్రం వెండి రేకులా మెరిసింది. ప్రార్థన బాగా జరిగింది. దిగడం మొదలుపెట్టాక గాలి తిరిగింది. వాయవ్యం నుంచి దుమ్ము లేచింది, దాని వెనకే మబ్బు, నల్లగా. ఆడవాళ్ళందరూ దుమ్ముకి పొడవాటి నల్ల అబాయాలు కప్పుకున్నారు, ముఖాలకి గుడ్డలు చుట్టుకున్నారు. పది అడుగుల దూరంలో అందరూ ఒకేలా నల్లటి నీడల్లా ఉన్నారు. ముందు నేను, అందరికన్నా వెనక భాయ్.

సగం దారిలో ఆ చెల్లెమ్మ ఎవరికీ చెప్పకుండా ఒక దిబ్బ చాటుకి వెళ్ళింది. ఆడకూతురు, కాలకృత్యం. మగవాళ్ళు నడిపించే నడకలో ఆ మాట ఎవరితో చెప్తుంది, అందులోనూ గొంతు లేనప్పుడు? భాయ్ చూశాడు. చూసి, ముఖం పక్కకి తిప్పుకుని దారి మీద ఆగిపోయాడు.

నేను కింద బస్సు దగ్గరకి చేరాను. చినుకులు పడుతున్నాయి. బస్సు తాళం ఆయన దగ్గర ఉంది. సంఘ పెద్దని పైకి పంపాను, త్వరగా రమ్మని చెప్పమని. ఆయన వెళ్ళి పిలిచాడు. భాయ్ "ఒకామె రావల్ల సార్" అన్నాడు. సంఘ పెద్ద "ఆవిడ ముందే దిగిపోయింది, నేను చూశాను, రండి," అన్నాడు. ఆయన చూసింది ఎవరి అబాయానో. చదువుకున్న మనిషి మాట కాబట్టి భాయ్ నమ్మి దిగాడు.

వాళ్ళు వచ్చేసరికి నేను అక్కడున్నవాళ్ళ ముందు నిలబడి దుమ్ములోకి కేక వేశాను. "స్తోత్రం!"

"హల్లెలూయా!"

ఎంత నిండుగా వచ్చిందో! కొండ కూడా పలికింది. ఆమె వాటా కూడా మేమే పలికాం. నేను చెప్పినట్టే పలికాం.

"అందరూ ఉన్నారు భాయ్, తలుపు తీయండి. యల్లా, పోదాం."

ఆయన తలుపు తీశాడు. అలవాటుగా పక్కన నిలబడ్డాడు. పైపు ముక్క పన్నెండు సార్లు నేలని తాకింది. చివర్న నా బూట్లు ఎక్కబోతుంటే ఆ పైపు నా కాళ్ళకి అడ్డం వచ్చింది.

"మీతో పదమూడేన్నా. నీలం చెప్పులు రాలేదు."

"అదేంటి భాయ్, అందరూ పలికారు కదా!"

"ఆమెకి గొంతు లేదు గదన్నా."

చదివేవాళ్ళారా, గ్రంథంలో కాపరి ఏం చేశాడు? తొంభై తొమ్మిదింటిని అడవిలో వదిలి ఒక్కదాని కోసం వెళ్ళాడు. నేనేం చేశానో చెప్తాను. నేను పన్నెండు మందిని చూసి, వడగళ్ళు మొదలైన ఆకాశాన్ని చూసి, "వర్షం తగ్గాక చూద్దాం భాయ్, ఇప్పుడు వెళ్తే మీరూ తప్పిపోతారు," అన్నాను.

ఆయన నాతో వాదించలేదు. బస్సు తాళం నా చేతిలో పెట్టాడు. "హీటర్ వేసుకోండన్నా, ఆడోళ్ళు తడిసినారు," అన్నాడు. వెళ్ళబోతూ సంఘ పెద్ద వైపు తిరిగాడు. "మీ మాట విని దిగినాను సార్. తప్పు నాది, మీది గాదు." అని తలగుడ్డ బిగించి కట్టుకుని దుమ్ములోకి వెళ్ళిపోయాడు. వెనక్కి చూసుకుంటూ నడిచే మనిషి ఆ ఒక్కసారి చూడలేదు.

మేము బస్సు అద్దాలు మూసుకుని ప్రార్థించాం. రేకు మీద వడగళ్ళు గులకరాళ్ళు పోసినట్టు పడుతున్నాయి. నేను ఎంత గట్టిగా ప్రార్థించానంటే వడగళ్ళ చప్పుడు వినపడలేదు. గంట గడిచింది.

వాన తెరిపిచ్చాక కొండ పాదం దగ్గర రెండు నీడలు కనిపించాయి. ముందు ఆయన, బారెడు వెనక ఆమె. ఇద్దరి మధ్య ఎర్ర గళ్ళ తలగుడ్డ చాచి ఉంది. ఒక కొస ఆయన చేతిలో, ఇంకో కొస ఆమె చేతిలో. ఆడపిల్ల చేయి పట్టుకోకూడదని తలగుడ్డ విప్పి ఇచ్చాడు. బోడి తల మీద వడగళ్ళు తగిలిన చోట నెత్తురు చారలు. ఆమె కాలు మడతపడింది. ఆమె ఒక్కో అడుగూ వేసేదాకా ఆయన ఆగుతున్నాడు. దిబ్బ చాటు నుంచి బయటికొచ్చి, ఎవరూ కనపడక, కేక వేయడానికి గొంతు లేక, ఆమె రాయితో రాయిని కొడుతూ కూర్చుందట. ఆ చప్పుడు విని వెళ్ళాడు. బస్సులో మా హల్లెలూయాలు ఆగాకే ఆయనకి ఆ చప్పుడు వినిపించిందని తర్వాత తెలిసింది.

ఫుట్‌బోర్డు దగ్గర ఆమె ఎక్కుతుంటే పైపు ముక్క నేలని తాకింది. "పద్నాలుగు," అన్నాడు. అంతే. టీ పోశాడు. నాలుగున్నరకి ఐదు నిమిషాల ముందు ఆమెను గేటు దగ్గర దింపాడు.

కథ అక్కడ అయిపోతే నేనిది రాయనవసరం ఉండేది కాదు.

మరుసటి శుక్రవారం హాలు కిక్కిరిసింది. నేను సాక్ష్యం చెప్పాను. తుఫాను ఎలా వచ్చిందో, మేము బస్సులో ఎలా మోకరించామో, ప్రార్థన ఆకాశాన్ని ఎలా చీల్చిందో చెప్పాను. "దేవుడు తన దూతను పంపి మన చెల్లెల్ని వెనక్కి తెచ్చాడు!" అన్నాను. హాలు దద్దరిల్లింది. వెనక వరసలో ఆ చెల్లెమ్మ తలెత్తి నా వైపు చూసింది. ముగిశాక దగ్గరకొచ్చి, అప్పుడే తిరిగొస్తున్న బొంగురు గొంతుతో అంది:

"అయ్యగారండీ, దూత కాదండి. భాయండి."

"దేవుడు ఎవరినైనా వాడుకుంటాడమ్మా," అన్నాను.

ఎంత తేలికైన మాటో చూడండి. ఎవరి రుణమూ ఒప్పుకోకుండా తప్పించుకోవడానికి ఇంతకన్నా భక్తిగల మాట లేదు.

ఆ తర్వాత సంఘ పెద్ద నన్ను పక్కకి పిలిచాడు. "గంట సేపండీ అయ్యగారూ. ఒక్కతే ఆడపిల్ల. ఆయన మనవాడు కూడా కాదు. మనకి తెలుసు, కానీ అనుకునేవాళ్ళు అనుకుంటారు. బస్సు మార్చేద్దాం. సంఘం పేరు చూసుకోవాలి కదా."

తలగుడ్డ రెండు కొసలూ నా కళ్ళతో చూశాను. ఆ మాట అనడానికి ఒక్క క్షణం చాలు. నేను అనలేదు. ఆమె వెనక ఉండిపోవడంలో తప్పు ఎవరిదో కూడా సంఘ పెద్దకీ నాకూ తెలుసు. బహుశా అందుకే ఇద్దరం అంత త్వరగా ఒప్పుకున్నాం. గురువుని ఎరగనన్న పేతురుకైతే కోడి కూసింది. నాకు కూయలేదు. కువైట్‌లో కోళ్ళన్నీ ఫ్రీజర్లలోనే ఉంటాయి.

నేనే ఫోన్ చేశాను. "భాయ్, వచ్చే నెల నుంచి వేరే బస్సు మాట్లాడుకున్నాం. ఏమీ అనుకోకండి."

ఎందుకని అడుగుతాడనుకున్నాను. కోప్పడతాడనుకున్నాను. అలా అయితే నాకూ కోపం తెచ్చుకోవడానికి వీలుండేది.

"సరేన్నా. వెనకాల ఎవురు నడుస్తారు?"

"దేవుడు చూసుకుంటాడు భాయ్," అన్నాను.

తర్వాత ఆయన్ని ఒక్కసారే చూశాను, పోయినేడు, అబ్బాసియాలో కిరాణా కొట్టు ముందు. చిక్కిపోయాడు. అదే ఎర్ర గళ్ళ గుడ్డ మెడలో ఉంది. చేతులు పట్టుకుని అందరినీ పేరు పేరునా అడిగాడు. సంఘ పెద్ద గారి మోకాలు ఎట్లుందన్నాడు.

"కొండకి పోతాండారా అన్నా?"

"ఆఁ, వెళ్తున్నాం భాయ్."

"వెనకాల ఎవురు?"

"నేనే," అన్నాను.

అబద్ధం. నేను ముందే నడుస్తున్నాను. వెనక ఎవరూ నడవడం లేదు. ఆయన ముఖం వెలిగిపోయింది. "మంచిది న్నా, మంచిది. ఇంక నాకు దిగులు లేదు," అన్నాడు. అననీయ అనేవాడు అబద్ధమాడి అక్కడికక్కడే పడి చచ్చాడని నేను ఎన్నోసార్లు ఉరిమి చెప్పాను. నేను పడలేదు. కొత్తిమీర కట్ట కొనుక్కుని ఇంటికి వెళ్ళాను.

ఆయన పోయిన తీరు గదిలో ఆయనకి తోడుండే కడప మనిషి చెప్పాడు. పని ముగిసి కూలీలందరూ బస్సెక్కారు. భాయ్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. బస్సు కదలలేదు. వెనక నుంచి "యల్లా భాయ్, యల్లా" అని అరిచారు. "ఒకడు రావల్ల, ఉండండి," అన్నాడట. ఆ ఒకడు చేతులు కడుక్కుని పరుగున వచ్చేసరికి ఈయన తల స్టీరింగ్ మీద వాలి ఉంది. నిద్రపోతున్నాడనుకుని ఆ కుర్రాడు అద్దం మీద తట్టాడట.

ఆ శుక్రవారం నేను వాక్యం చెప్పలేదు. గొంతు బాగాలేదన్నాను. అదీ అబద్ధమే.

కాగితాల పని అయ్యాక సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ఖననం చేశారు. సులేబిఖాత్ ఖబరస్తాన్‌కి వెళ్ళాను. ఎన్నో శవపెట్టెల ముందు నిలబడి మాట్లాడినవాణ్ణి, అక్కడ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. అందరికన్నా వెనక వరసలో నిలబడ్డాను. నాకు తెలిసి ఆ మనిషికి వెనక నేను నిలబడడం అదే మొదలు. మట్టి వేయడం అయిపోయాక ఆ కడప మనిషి నా దగ్గరకొచ్చాడు.

"కొండ అన్న మీరే గదా? మీ గురించి చెప్తాండె. ఏం గొంతు రా ఆయప్పది, మంచులో గూడా ఆ కేక ఇని నడిస్తే మనిషి తప్పిపోడు అంటాండె."

నేను ఆయన గురించి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. ఆయన నా గురించి చెప్పింది ఇది.

ఇంటికొస్తుంటే ఆ చెల్లెమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. మట్టి దగ్గరికి రావడానికి ఆమెకి వీల్లేదు. "అయ్యగారండీ, ఇప్పుడన్నా సంఘంలో చెప్తారాండి?" అని అడిగింది. ఇప్పుడన్నా. ఆ మాట నా ప్రసంగాలన్నిటికన్నా పదునుగా ఉంది.

మొన్న శుక్రవారం కొండ మీద చెప్పాను. దూత కాదు, భాయ్ అని చెప్పాను. ఆ కేక, ఆ లెక్క, ఆ ఫోన్ అన్నీ చెప్పాను. ఉపమానంలో మనం గొర్రెలమూ కాదు, కాపరులమూ కాదు, ఇంకో ఉపమానంలో గాయపడినవాణ్ణి చూసి అవతలి పక్కగా నడిచిపోయిన యాజకులమన్నాను. ఎవరూ హల్లెలూయా అనలేదు. సంఘ పెద్ద చెప్పుల్లోని ఇసుక దులుపుకున్నాడు. "పోయినాయన ఎలాగూ పోయాడు, ఇప్పుడెందుకండీ ఇవన్నీ," అన్నాడు. ఒకరిద్దరు తలూపారు. నేను ఆయన మీద గొంతు పెంచలేదు. రెండేళ్ళు నేనూ అదే అనుకున్నాను.

దిగేటప్పుడు ముందు నడవమని సంఘ పెద్దకే చెప్పి, నేను వెనక ఉండిపోయాను. సముద్రం వైపు నుంచి మంచు మళ్ళీ ఎక్కుతోంది, సన్నగా జల్లు మొదలైంది. కేక వేయలేదు. పది అడుగులకోసారి ఆగి వెనక్కి చూశాను. నిజమే, దారి వేరేగా కనపడింది. వెనక నుంచి చూస్తే మనుషులూ వేరేగా కనపడతారు. ఎవరు కుంటుతున్నారో, ఎవరు ఎవరి సంచీ మోస్తున్నారో, ఎవరికి ఊపిరి ఆడటం లేదో, ముందు నడిచిన ఇన్నేళ్ళలో నాకు తెలియలేదు. రెండేళ్ళ కిందట మడతపడిన ఆ చెల్లెమ్మ కాలు ఇంకా కాస్త పక్కకే పడుతోంది.

బస్సు దగ్గర తలుపు పక్కన నిలబడ్డాను. చేతిలో కర్ర లేదు, మడమతో నేలని తాకుతూ ఎంచాను. ఆమె చివర్న ఎక్కింది. పదమూడు. నాతో పద్నాలుగు.

"అందరూ వచ్చేశారు కదా, యల్లా," అన్నాడు కొత్త డ్రైవర్, ఇంజన్ వేసి.

అందరూ వచ్చేశారు. లెక్క సరిపోయింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి కొండ వైపు చూశాను. మేము దిగిన దారి మీద అడుగుల గుర్తుల్లో వాన నీళ్ళు నిండుతున్నాయి. కిందివి ఇంకా కనపడుతున్నాయి, పైవి అప్పటికే మంచులో లేవు. డ్రైవర్ హారన్ కొట్టాడు.

"ఇంకాస్త ఆగండి," అన్నాను.